చూసుడు వేరు, చూసుకునుడు వేరు

మీ దగ్గరోళ్లు ఎవరన్న దవఖానల ఉంటే ముందుగాల ఇది చదవున్రి, పండ్లు కొనుక్కపోవుడు తర్వాత. నాకు రాసుడు అలవాటు లేదు. మ్యాచింగ్ సెంటర్ల పనిచేసేదాన్ని, చీర రంగు చూసి జాకెట్ ముక్క తీసిచ్చుడు తప్ప వేరే విద్య రాదు. గాని కడుపుల ఉన్నది బయట పెట్టకపోతే తిన్నది అరుగుతలేదు. గండం దాటినంక రాస్తున్న కాబట్టి కోపం లేకుండ రాస్త అనుకున్న. ఎంతవరకు అయితదో నాకే తెల్వదు.

జూన్ నెల, బడులు తెరిచినప్పుడు

అంతకు ముందు కడుపు చెడి కొన్ని దినాలు ఇంట్లనే పడి ఉన్న. తగ్గింది గదా అని మల్ల షాపుకు పోయిన. ఒకామె వచ్చి రామా గ్రీన్ అడిగింది. రామా గ్రీన్ తానులు పై వరుసల ఉంటయ్. స్టూలెక్కి తాను గుంజిన, చేతులకెల్లి జారి సీదా ఆమె భుజం మీద పడ్డది. ఎన్నో ఏండ్ల సంది ఇదే పని, ఏనాడు గట్ల కాలే. శకుంతలక్కకు వయసైతున్నదని షాపాయన నవ్విండు. నేను సుత నవ్విన. స్టూలు దిగబోతే మోకాళ్లు నావి కానట్టు మడత పడ్డయ్.

మర్నాడు పొద్దున మంచం దిగరాలే. పొద్దు గూకేవరకు చెయ్యి ఎత్తి జుట్టు ముడేసుకోరాలే. మా ఆయన యాదగిరి ట్రాలీ ఆటో నడుపుతడు. పొద్దంత బీరువాలు, ఫ్రిజ్జులు మోసే మనిషి. మెట్టుగూడల మా రెండో అంతస్తుకెల్లి నన్ను కిందికి దించుకొచ్చేవరకు ప్రతి మెట్టు కాడ ఆగి పట్టు మార్చుకుండు. బీరువాను దించినట్టే దించు, ఏం గాను అని నేనే ఆయనకు ధైర్యం చెప్పిన.

డాక్టర్ చెప్పిన పేరు నాకిప్పటికీ నోరు తిరుగదు. అర్థం మాత్రం మంచిగనే అయింది. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తి, ఎవరో పగోళ్లు అనుకోని మన నరాల మీదనే పడ్తదట. సొంతోళ్లే మీద పడుడన్నట్టు. గప్పుడు ఆ మాటకు నవ్వొచ్చింది.

ఊపిరిదాక పోతదేమో అని కొన్నాళ్లు నన్ను కండ్లల్ల ఒత్తులేసుకోని చూసిన్రు. అదృష్టం, గొట్టం పెట్టే దాక రాలే. ఆ భయం ఎసొంటిదో చెప్పుమంటే చెప్పలేను. పడుకుంటే ఊపిరి తీసుడు మర్చిపోతనేమో అని కండ్లు మూసుకోకుండ పైకప్పు చూసుకుంట ఉండేదాన్ని.

బయట హాల్ల మాత్రం మా చుట్టాలు జాతర లెక్క. నేను అబద్ధం చెప్ప, అందరు వచ్చిన్రు. మేనత్త కొడుకులు, పెద్దనాయన బిడ్డలు, ఏండ్ల సంది మాటల్లేనోళ్లు సుత వచ్చిన్రు. ఒక్కొక్కరే లోపటికి వచ్చి, మంచం కాడ నిలవడి, ఎట్లుండేదానివి ఎట్లయినవే శకుంతలా అని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునుడు. ఒకామె అయితే వాళ్ల ఆడిబిడ్డ గిట్లనే పడి మల్ల లేవలేదని నా తలకాడ నిలవడే చెప్పింది. చెప్పి కొబ్బరినీళ్లు తాగుమన్నది. మా ఆయన ఆటో పక్కకు పెట్టి, వచ్చినోళ్లకు చాయలు తెచ్చిచ్చుడే పనిగ పెట్టుకుండు. పెండ్లాం లోపట ఎట్లున్నదో ఆయనకు ఆ వచ్చిపోయేటోళ్లు చెప్తే తెలిసేది.

ఆషాఢం షురూ

కాళ్ల వేళ్లు జెర కదులుడు మొదలైనంక డాక్టర్ సాబ్ మా ఆయనను, నా తమ్ముణ్ని కూసోబెట్టి సంగతి చెప్పిండు. నరాలు మెల్లగ కోలుకుంటయ్, ఈమె నడుస్తది, దానికి ఫికర్ లేదు. గాని రాబోయే రెండు నెలలే అసలు సంగతి. పొద్దున సాయంత్రం ఎవరో ఒకరు కాళ్లు చేతులు కదిలియ్యాలె, పక్కకు మర్లెయ్యాలె, లేపి కూసోబెట్టాలె. లేకపోతే కీళ్లు బిగుసుకపోతయ్, అప్పుడు నరాలు కోలుకున్నా లాభం ఉండదు. దవఖానల ఇగ చేసేదేం లేదు, ఇంటికి తీస్కపోవచ్చు అన్నడు.

అంటే నేను నడుసుడు, నడవకపోవుడు ఇగ మందుల చేతుల లేదు. ఆ రెండు నెలలు ఎక్కడుంట, ఎవరి చేతులల్ల ఉంట, దాని మీదనే ఉన్నది.

మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు, బాత్రూంల కింద కూసునే దొడ్డి. మాకు పిల్లలు లేరు. మా ఆయన ఆటో తియ్యకపోతే ఇల్లు నడవదు. పైగ ఆయన నన్ను లేపమంటే లేపుతడు గాని, ఆడమనిషికి స్నానం చేయించుడు, బట్ట మార్చుడు అంటే సిగ్గుతోని మొఖం పక్కకు తిప్పుకుంటడు. నా తమ్ముడు సుధాకర్‌ది బొల్లారంల సొంత ఇల్లు, కింది అంతస్తే. ముందు రూముకు ఆనుకోని కుర్చీ లెక్క ఉండే కమోడ్ సుత ఉన్నది. మా అమ్మ చివరి దినాల కోసం కట్టించిండు. మా మరదలు రేణుక ఇంటి పట్టునే ఉంటది. ఇగ అడిగేదేమున్నది అనుకున్న. అయినా అడిగిన. అడగకుండ ఎట్ల పోత?

"అక్కా, నువ్వు ఫికర్ జెయ్యకు. నేను చూస్తలే," అన్నడు.

నా చెయ్యి పట్టుకోని మరీ అన్నడు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఆనాడు వార్డుల ఎవరు పలకరించినా, మా తమ్ముడు తీస్కపోతుండు, బొల్లారంల ఉంట అని చెప్పుకున్న. పక్క మంచం ఆమె కొడుకు, ఎప్పుడు తీస్కపోతడో చెప్పకుండనే పోయిండు. ఆమె ముంగల నేను జెర మురిసిన అన్నది సుత నిజమే.

దవఖానల డిశ్చార్జ్ పనులు చూసే ప్రియాంక అనే పిల్ల ఒకతె ఉండె. సన్నగ, మెడల కార్డు ఏసుకోని, ఎప్పుడు చూసినా ఫోన్‌ల మాట్లాడుకుంట తిరిగేది. ఆమె వచ్చి ఇంటి కాడ ఎవరు చూసుకుంటరని అడిగింది. సైనిక్‌పురిల ఒక కేర్ సెంటర్ ఉన్నదట. దవఖానకెల్లి వచ్చినోళ్లు నేరుగ ఇంటికి పోలేకపోతే నెలో, నెలన్నరో అక్కడ ఉంటరట. ఎక్సర్‌సైజులు చేయించేటోళ్లు, స్నానం చేయించేటోళ్లు అక్కడనే ఉంటరట. ఒక్క మంచం ఖాళీ అయితున్నది మేడం, రేపటిదాక పట్టి ఉంచగలుగుత అన్నది.

నాకెందుకమ్మా గవన్ని, మా తమ్ముడు చూస్తలే అన్నడు అని చెప్పిన.

ఆ పిల్ల పెన్ను ఆపి నా దిక్కు చూసింది. "చూస్త అన్నరా మేడం, చూసుకుంట అన్నరా?"

నాకు ఒళ్లు మండింది. మా తమ్ముని సంగతి నీకేమెరుక, నీ పని నువ్వు చూస్కో అన్న. ఆ పిల్ల సరే మేడం అని రాసుకోని పోయింది. మర్నాడు ఆ మంచం వేరేటోళ్లకు పోయింది.

బోనాల వారం

డిశ్చార్జ్ అన్న మాట చుట్టాలల్ల ఎట్ల పాకిందో గాని, ఫోన్లు ఒకటే ఫోన్లు. నయమైందంట గదా, మంచిగైందంట గదా, అమ్మవారి దయ అని. నేను చెంచ సుత పట్టుకోలేకపోతున్న, డిశ్చార్జ్ అయిందంటే నయమైనట్టే అని లోకం లెక్క. ఇగ ఎవరు చూడనీకి రావాల్సిన పని లేదు.

పొద్దుగాలనే నన్ను వీల్‌చైర్‌ల తెచ్చి మందుల కౌంటర్ పక్కకు పెట్టిన్రు. బిల్లు పనులు, ఇన్సూరెన్స్ పనులు అయ్యేవరకు పొద్దు నడినెత్తికి వచ్చింది. నా తల నిలబడ్తలేదు, మెడ వెనక చద్దరు మడతపెట్టి పెట్టిన్రు. వచ్చిపోయేటోళ్లు నన్ను తప్పించుకోని పోతున్నరు. ఒకాయన నా కుర్చీ హ్యాండిల్‌కు తన మందుల కవర్ తగిలేసి బిల్లు కట్టనీకి పోయిండు, మల్ల వచ్చి తీసుకుండు. నన్ను సామాన్ల స్టాండు అనుకున్నడేమో.

సుధాకర్, రేణుక మధ్యాహ్నం దాటినంక వచ్చిన్రు. కొబ్బరిబోండాలు తెచ్చిన్రు, ఫ్లాస్కుల జావ తెచ్చిన్రు. రేణుక నా నుదుటికి బొట్టు పెట్టింది, జుట్టు సవరించింది. అంబులెన్స్ వచ్చి గేటు కాడ నిలవడ్డది. నన్ను ఎక్కించిన్రు. ఎక్కడికి పోవాలె అని డ్రైవర్ అడిగిండు.

బొల్లారం అన్న నేను.

"బొల్లారం ఎందుకక్కా?" అన్నడు నా తమ్ముడు. "మెట్టుగూడకే గదా?"

అర్థం కాలే నాకు. పరాచికాలు ఆడుతున్నడేమో అనుకున్న. నువ్వే గదరా చూస్తలే అన్నవు అన్న.

"చూసిన గదక్కా. ఇద్దరు ముగ్గుర్ని అడిగిన పనామె కోసం. బోనాల టైం, ఎవ్వలు దొరుకుతలేరు. ఇంకా చూస్తున్న."

గంతే. చూస్తలే అంటే వాడు ఎవరన్న దొరుకుతరేమో చూస్త అన్నడట. నేను చూసుకుంట అని ఇన్న. ఒక్క మాట, ఇద్దరం ఒక్క తల్లి కడుపుల పుట్టినోళ్లం, ఒక్క ఇంట్ల మాటలు నేర్చినోళ్లం. నిజంగనే వానికి గట్లనే తోచిందో, తోచనట్టు చేసిండో ఇప్పటికీ నాకు తెల్వదు. తెలుసుకోవాలని సుత లేదు. రెండిట్ల ఏదైనా నాకు ఒక్కటే తక్లీఫ్.

రేణుక కిందికి చూసుకుంట చెప్పుకొచ్చింది. ఆదివారం ఇంట్ల బోనం ఎత్తాలె, చుట్టాలొస్తరు, ముందు రూముల వాళ్లే పడుకుంటరు, బోనం చేసే ఇంట్ల మంచం కాడ దొడ్డి గిన్నె అంటే బాగుండదు గదా వదినా, మైల గిట్ల అంటరు గదా అని. ఆమె ఆదివారం కట్టుకునే చీరకు మంచాన పడకముందు జాకెట్ ముక్క ఏరి పెట్టింది నేనే. ఆనియన్ పింక్ మీద బంగారు చుక్క. అది దొరకవట్టడానికి మూడు షాపులు తిరిగిన.

మా ఆయన డ్రైవర్ పక్కన కూసోని, మెట్టుగూడకు పోనియ్యి బాబూ అన్నడు. దారిల బోనాల మైకులు, వేపాకు తోరణాలు, బండ్లు ఆపి మళ్లించుడు. నేను అంబులెన్స్ కప్పు చూసుకుంట ఏడ్చిన. చెంపల మీద నీళ్లు తుడుచుకునేదానికి చెయ్యి లేవదు. అవి చెవులల్లకు పోయి చల్లగ తగులుతుంటే ఇంకింత ఏడుపొచ్చింది.

ఇంటి కాడ ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టి, మా ఆయన, ఆయన దోస్తులు ఇద్దరు నన్ను పైకి మోయబోయిన్రు. మొదటి మలుపు కాడనే కుర్చీ ఒక దిక్కు ఒరిగింది. నేను అరిచిన. కింది పోర్షన్ తలుపు తెరుచుకున్నది.

కింద ఉండేది భ్రమరాంబ గారు. గుంటూరు దిక్కోళ్లు, వచ్చి చాన ఏండ్లయింది. ఆమెకు నాకు ముందటికెల్లి పడదు. నీళ్ల మోటర్ కోసం, మెట్లు కడిగిన నీళ్ల కోసం లొల్లి పెట్టుకోని నెలల తరబడి మాటల్లేని రోజులున్నయ్. ఎనక నుంచి ఆమెను నేను కలెక్టరమ్మ అని పిలిచేదాన్ని.

"ఎక్కడికండీ అలా మోసుకెళ్తున్నారు, పడేస్తారా ఏమిటి? లోపలికి తీసుకురండి," అన్నది.

మా ఆయన వద్దమ్మా, మీకు ఇబ్బంది అని నసిగిండు. ఆమె ఇనలే. ముందు రూముల దివాన్ మీద దుప్పటి పరిచింది, దిండ్లు పెట్టింది. నన్ను పడుకోబెట్టినంక నా పక్కన నిలవడి చెప్పింది.

"చూడండి శకుంతల గారూ, మొహమాటం లేకుండా చెప్తున్నా. శ్రావణం మొదలయ్యేదాకా ఉండండి. ఆ తర్వాత మా అమ్మాయి పురిటికి వస్తుంది, ఈ గది కావాలి. ఈలోగా వంట నేను చేస్తా, స్నానం మాత్రం మీరే ఎవరినైనా పెట్టుకోండి, నా నడుం పనికిరాదు."

ఆ మాటలు గప్పుడు కటువుగ ఇనవడ్డయ్. ఇప్పుడు ఆలోచిస్తే, ఇన్ని దినాలల్ల నాకు సాఫ్‌గ మాట చెప్పింది ఆమె ఒక్కతే. ఏం చేస్తదో చెప్పింది, ఏం చెయ్యదో చెప్పింది, ఎప్పటిదాకనో చెప్పింది. ప్రేమ ఉందో లేదో ఆమెను నేను అడగలే. దిండు మాత్రం తలకింద ఉన్నది.

స్నానం కోసం ఏజెన్సీల అడిగినం. మొదలు వచ్చినామె మంచి పిల్లనే గాని బోనాలకు ఊరికి పోయి మల్ల రాలే. రెండో ఆమె నన్ను పక్కకు మర్లేసి, గోడ దిక్కు మొఖం పెట్టి, ఎనక కూసోని ఫోన్‌ల వీడియోలు చూసేది. ఆ నవ్వులు నేను ఇనుకుంట ఉండేదాన్ని, మల్ల మర్లెయ్యి అమ్మా అంటే, అయిపోవచ్చింది ఆంటీ అనేది. మడిమ కాడ పుండు పడ్డది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే వేరే స్టాఫ్‌ను పంపుతం అన్నరు. మూడో ఆమె వచ్చి మొదటికెల్లి అడుగుడు, ఏమైందాంటీ, ఎప్పటిసంది, పిల్లలు లేరా. ప్రతి కొత్త మనిషికి నా పుట్టుపూర్వోత్తరాలు అప్పజెప్పుడు. చీలమండలు బిగుసుకుంటున్నయ్ అని ఎక్సర్‌సైజులు చేయించనీకి వచ్చినాయన చెప్పిండు. మూడు దినాలకొకసారి వచ్చుడు సరిపోదమ్మా, రోజుకు రెండు సార్లు కావాలె, గిట్లనే ఉంటే కష్టం అన్నడు.

ఆ మాటతోని నాకు నిజంగ భయమైంది. దవఖానల ఊపిరి భయం వేరు, అది ఒక్కసారి పోతది. ఇది వేరు. ముందున్న ఏండ్లన్ని గోడ దిక్కు మొఖం పెట్టి బతకాల్సి వస్తదన్న భయం. భ్రమరాంబ గారు వంటింట్లకెల్లి ఇని, నేను చెప్పుకున్న సైనిక్‌పురి సెంటర్ సంగతి యాది చేసుకోని, నా ఫోన్ అడిగి తీసుకోని ప్రియాంకకు చేసింది. నాకు ఆ పిల్లతోని మాట్లాడనీకి మొఖం లేదు. ఆమెనే మాట్లాడింది. మంచం ఖాళీ అయితే మొదలు మాకే చెప్పాలని గట్టిగ అడిగింది. కలెక్టరమ్మనే మరి.

ప్రియాంక ఒక్క మాట ఎత్తిపొడవలే. నేను చెప్పిన గదా మేడం అనలే. శ్రావణం రాంగనే ఫోన్ చేసి, రేపు పంపియ్యున్రి అన్నది. ఆ పిల్ల ఎత్తిపొడిచి ఉంటేనే నాకు హాయిగ ఉండేదేమో.

శ్రావణ మాసం, సైనిక్‌పురి

మా చుట్టాలల్ల ఇగ వేరే పాట షురూ అయింది. యాదగిరి పెండ్లాన్ని హోమ్‌ల ఏసిండంట. హోమ్ అంటే మావోళ్లకు తెలిసింది ఒక్కటే, దిక్కులేని ముసలోళ్లుండేది. నా పెద్దనాయన బిడ్డ ఫోన్ చేసి, మేమంత లేమా శకుంతలా, మాకు ఒక మాట చెప్తే అయిపోవు గదా, పరువు తీసినవు అన్నది. ఉన్నరా, ఎక్కడున్నరు అని అడగబోయిన. ఫోన్ పట్టుకున్న నర్సు చెయ్యి గుంజుతున్నదని పెట్టేసింది.

అక్కడ స్వర్గమేం కాదు. పప్పుల ఉప్పుండదు. స్నానం వాళ్ల టైంకే, ఆకలి వాళ్ల టైంకే. పక్క రూముల ముసలామె పొద్దంత ఎవర్నో పేరు పెట్టి పిలుస్తుండేది. గాని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్సర్‌సైజులు తప్పేది కాదు. నేను వద్దన్నా వదిలేటోళ్లు కాదు. చీలమండ వంచుతుంటే అమ్మా అని ఏడ్చిన, తిట్టిన, ఒకసారి చేయించేటాయనను గిచ్చిన సుత. గిచ్చేంత బలం వచ్చింది, సంతోషం అన్నడు.

ఎక్సర్‌సైజుల హాల్ల ఒక సుబేదార్ సాబ్ ఉండె. మిలిటరీల చేసి వచ్చినాయన, ఆ కాలనీలనే ఇల్లు. పక్షవాతం కొట్టి కుడి దిక్కు పడిపోయింది. తన కాలుకు తానే ఆర్డర్ ఇచ్చుకునేటోడు, ఏక్, దో, ఆగే బఢ్ అని. కాలు ఇనకపోతే దాన్ని తిట్టేటోడు. నన్ను ఏనాడు పలకరియ్యలే. ఒకనాడు రెండు కడ్డీల నడుమ నన్ను నిలవెట్టి చేతులు వదిలేసిన్రు. నేను నిలవడ్డ. మూడు ఊపిర్లు తీసేంత సేపు ఉన్ననేమో. అటు చూస్తే సుబేదార్ సాబ్ చక్రాల కుర్చీల సీదా కూసోని ఎడమ చేత్తోని సెల్యూట్ పెట్టిండు. కుడి చెయ్యి లేవదు గదా. ఆనాడు నేను కడుపు నిండ అన్నం తిన్న.

ఒక ఆదివారం సుధాకర్, రేణుక వచ్చిన్రు. అరటిపండ్లు తెచ్చిన్రు. మంచిగున్నదక్కా ఈడ, గాలి మంచిగొస్తున్నది అని రూమంత తిరిగి చూసిండు. నా భుజం మీద చెయ్యేసి ఫోటో దిగిండు. వాళ్లు పోయినంక నర్సు నా ఫోన్ చూపెట్టింది. కుటుంబం గ్రూపుల ఆ ఫోటో పెట్టి, మా అక్క తొందరగ కోలుకోవాలని ఆ దేవుణ్ని కోరుకుంటున్న అని రాసిండు. కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరుసగ, పేజీ దాటి పోయినయ్. అక్కను మంచిగ చూసుకుంటున్నవు తమ్మీ అని పెద్దనాయన బిడ్డ రాసింది. వాడు దానికి సుత దండమే పెట్టిండు, కాదని రాయలే.

మా ఆయన రోజు పొద్దుగూకినంక ఆటో బయట పెట్టి వచ్చేటోడు. సిమెంటు దుమ్ము వాసన. మాటలు తక్కువ. ఒకనాడు నర్సు దగ్గర నిలవడి, స్నానం ఎట్ల చేయించాలె, చెయ్యి ఎక్కడ పట్టి లేపాలె అని అడిగి నేర్చుకుండు. మొఖం పక్కకు తిప్పుకోలే. చెవులు ఎర్రగైనయ్ గాని చూసి నేర్చుకుండు. పెండ్లయిన ఇన్నేండ్లల్ల నాకు ఆ మనిషి మీద గంత ప్రేమ ఎప్పుడు పుట్టలే.

వినాయక చవితి దాటినంక

కర్ర పట్టుకోని మా మెట్లు నేనే ఎక్కిన. ఒక్కొక్క మెట్టు, ఆగుడు, మల్ల ఒక మెట్టు. కాలు మెట్టు మీద ఆనిందో లేదో నాకు తెల్వదు, కండ్లతోని చూసుకోని పెట్టాలె. మొదటి అంతస్తు మలుపు కాడ కూసున్న. కిందికెల్లి భ్రమరాంబ గారు మనుమరాలిని ఎత్తుకోని చూస్తున్నది. మోటర్ వేశాను, పైన నీళ్లు నిండాయి అని మాత్రం చెప్పింది.

ఇప్పుడు ఇంట్ల నడుస్త. అన్నం వండుత. షాపుకు ఇంకా పోలే, తానులు గుంజుడు ఇప్పట్ల కాదు.

ఇది చదివేటోళ్లకు ఒక్కటే చెప్త. దవఖానల ఉన్నన్ని దినాలు మీ కాడికి మంది వస్తరు, అది లెక్కల పెట్టుకోకున్రి. అసలు కష్టం గేటు దాటినంక మొదలైతది. ఎవరన్న మేం చూస్తం అంటే సంతోషపడి ఊకోకున్రి. ఎక్కడ పడుకోబెడ్తరు, పొద్దుగాల లేపేదెవరు, దొడ్డికి తీస్కపోయేదెవరు, ఎప్పటిదాక అని అడగున్రి. సిగ్గిడిచి అడగున్రి. బాధపడ్తరేమో అని ఊకుంటే, తర్వాత మీరే పడ్తరు. హోమ్‌ల ఏసిన్రంట అని ఎవరన్న అంటే అననియ్యున్రి. అన్నోళ్లు ఎవరు మిమ్మల్ని పక్కకు మర్లెయ్యనీకి రారు.

దసరా

పండుగనాడు సాయంత్రం జమ్మి ఆకు పట్టుకోని సుధాకర్ వచ్చిండు. ఒక్కడే వచ్చిండు. ప్రతి ఏడు వచ్చినట్టే వచ్చిండు. రావద్దని నేను అనలే, రమ్మని సుత అనలే. కుర్చీల కూసోని ఉన్న, లేవలే. లేవగలుగుత గాని లేవలే. బంగారం తీసుకో అక్కా అని ఆకు నా చేతుల పెట్టిండు. వాడు ఒంగుతుంటే నేను ఆ ఆకు దిక్కే చూసుకుంట ఉన్న. మా ఆయన తలుపు కాడ నిలవడ్డడు.

వాడు లేచి నిలవడి కండ్లు తుడుచుకుండు.

"కాళ్లు మొక్కిన గదక్కా, దీవించవా?"

"మొక్కినవా? నాకు తెల్వలే రా," అన్న.

వాని మొఖం వాడిపోయింది. ఇంకా కోపం పోలేదా అక్కా అని అడిగిండు. ఉన్న సంగతి చెప్పిన.

"పాదాలకు ఇంకా స్పర్శ రాలే. టైం పడ్తదన్నరు డాక్టర్లు. వస్తదో రాదో సుత చెప్పలేమన్నరు."

వాడు మల్ల ఒంగిండు. ఈసారి నేను కిందికి చూసిన. నా తమ్ముని రెండు చేతులు నా రెండు పాదాల మీద ఉన్నయ్. గట్టిగనే పట్టుకుండు, వేళ్లు తెల్లగైనయ్. నాకు ఏం తెల్వలే.